రైల్లో పోయిన బంగారం: రైల్వే మీద కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర దగ్గర పల్లె. కాశీ చూడాలన్నది మా అమ్మకు ఎన్నో ఏళ్ల కోరిక. 2024 కార్తీకంలో, నవంబరు 11న, అమ్మ, నాన్న, అక్క, బావ, నేను సికింద్రాబాద్‌లో స్లీపర్ ఎక్కాం. ఇంటికి తాళం వేసి పోతున్నామని అమ్మ తన బంగారం చేతిసంచిలో పెట్టుకుంది. రెండు తులాల గొలుసు, తులం కమ్మలు. పగలంతా పండుగలా గడిచింది. కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు, పల్లీపొడి తిన్నాం. మంచిర్యాల ముందు గోదావరి బ్రిడ్జి మీద అమ్మ సంచిలోంచి రూపాయి తీసి నీళ్లలో వేసి దండం పెట్టింది, ఫోన్లో వీడియో తీశాం. నాగ్‌పూర్‌లో జనరల్ టికెట్ల వాళ్లు బోగీ నిండా ఎక్కి, నడిచే దారిలో కూడా పడుకున్నారు. టీసీ రాలేదు. బావ 139కి ఫోన్ కూడా చేశాడు. తెల్లవారుజామున జబల్‌పూర్ దగ్గర లేచేసరికి సంచి లేదు. పొద్దున టీసీ కనబడితే చెప్పాం, దిగినచోట ఫిర్యాదు ఇవ్వమన్నాడు. పూర్ణిమ స్నానం తప్పిపోతుందని అక్కడ ఇవ్వలేదు. తిరిగొచ్చి నవంబరు 21న రైల్వే పోలీసులకు ఇచ్చాం. ఎఫ్‌ఐఆర్ అయింది, ఇంతవరకు ఏమీ తేలలేదు. టికెట్‌తో పాటు ఇన్సూరెన్స్ తీసుకున్నాం, అందులో వస్తుందా? తెలిసినాయన ఒకరు పాత తేదీతో ఆరు తులాలకు బిల్లు రాయించి, సంచిని గొలుసుతో కట్టి తాళం వేశామని చెప్పి కేసు వేయమంటున్నారు. అమ్మ ఆ రోజు నుంచి సరిగా తినడం లేదు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును నిలబెట్టే వాక్యం ఒక్కటే ఉంది. "బావ 139కి ఫోన్ కూడా చేశాడు." 139 రైల్వే సహాయ నంబరు. ఆ ఫోన్ సంగతి మీరు మాటవరసకు రాసి వదిలేశారు. ఎన్ని గంటలకు చేశాడు, ఏం చెప్పాడు, ఫిర్యాదు నంబరు మెసేజ్ వచ్చిందా, అది ఇప్పుడు ఎక్కడుంది? ఇవేవీ రాయలేదు. మీ అమ్మగారు ఎంత ఏడ్చినా, సంచి ఎంత భద్రంగా పెట్టుకున్నా కేసు తేలేది ఆ ఫోన్ మీదే. ఎందుకో చెబుతాను.

మన చేతిలో పెట్టుకుని తీసుకెళ్లే సామానుకు రైల్వే కాపలాదారు కాదు. రైల్వే చట్టం 1989లోని 100వ సెక్షన్ ఈ సంగతి సూటిగా చెబుతుంది. బుక్ చేసి రసీదు తీసుకోని సామాను పోతే రైల్వే బాధ్యత వహించదు. ప్రయాణికుడు తన దగ్గరే ఉంచుకున్న సామాను పోతే, అది రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం వల్లో తప్పుడు ప్రవర్తన వల్లో పోయిందని ప్రయాణికుడే రుజువు చేయాలి. రుజువు చేసే బరువు మీ మీదే ఉంది.

2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీరు తప్పకుండా తెలుసుకోవాలి. కాశీ విశ్వనాథ్ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్తున్న ఒక వ్యాపారి నడుముకు కట్టుకున్న గుడ్డ బెల్టులోంచి లక్ష రూపాయలు పోయాయి. జిల్లా వినియోగదారుల ఫోరం, దానిపైన రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ మూడూ ఆయనకే డబ్బు ఇమ్మన్నాయి. సుప్రీంకోర్టు మూడింటినీ కొట్టేసింది. తన వస్తువును తానే కాపాడుకోలేకపోతే దాన్ని రైల్వే సేవలో లోపం అనలేమని చెప్పింది. రైల్వే తరఫు వకీలు మొదటి వాయిదాలోనే ఈ తీర్పు తీసి చదువుతారు.

ఆ వ్యాపారి కేసుకూ మీ కేసుకూ ఉన్న తేడా ఆ 139 ఫోనే. దొంగతనం జరిగాక "టీసీ లేడు, జనం ఎక్కారు" అని ఎవరైనా అనగలరు. దొంగతనానికి ముందే రిజర్వుడు బోగీలోకి అనుమతి లేనివాళ్లు చొరబడ్డారని రైల్వేకు చెప్పి, రైల్వే కదలకపోతే అది నిర్లక్ష్యానికి నేరుగా రుజువు. రిజర్వేషన్ లేనివాళ్లను బోగీలోకి రానివ్వకపోవడం, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బోగీల మధ్య తలుపులు మూయించడం టీసీ విధులే. ఇలాంటి చొరబాటు వల్ల రిజర్వుడు బోగీలో ఒక ప్రయాణికురాలి మీద దాడి జరిగి నగలు పోయిన కేసులో 2004లో సుప్రీంకోర్టు రైల్వేనే బాధ్యురాలిని చేసింది. మీ కేసు ఈ దారిలో నడవాలి. సంచి ఎలా పోయిందన్నది రెండో మాట. బోగీలోకి వాళ్లను ఎవరు రానిచ్చారు, చెప్పాక కూడా ఎవరు పట్టించుకోలేదన్నది మొదటి మాట.

కాబట్టి మీ బావగారి ఫోన్ తీసుకోండి. నవంబరు 11 రాత్రి రైల్ మదద్ (139 ఫిర్యాదులు నమోదయ్యే రైల్వే వ్యవస్థ) నుంచి వచ్చిన మెసేజ్ ఉందేమో చూడండి. ఉంటే అందులో ఫిర్యాదు నంబరు, సమయం ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసి చాల్లే అనుకోవద్దు. మెసేజ్ ఆ ఫోన్లోనే ఉండాలి. మెసేజ్ చెరిగిపోయి ఉంటే, ఆ నంబరు నుంచి 139కి ఎప్పుడు కాల్ వెళ్లిందో సెల్ కంపెనీ రికార్డులో ఉంటుంది. మాటలు ఉండవు, సమయం ఉంటుంది. మనకు సమయమే కావాలి. అయితే ఆ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలన్నదే టెలికాం శాఖ నిబంధన. ఆ పైన ఉంచుతారన్న భరోసా లేదు.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు కూడా రెండేళ్లే. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69. సంచి పోయింది 2024 నవంబరు 11 రాత్రి. అంటే 2026 నవంబరు 11 లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. చాలామంది ఎఫ్‌ఐఆర్ తేదీ నుంచి, లేదా పోలీసుల చివరి రిపోర్టు నుంచి లెక్కపెట్టుకుని మునుగుతారు. ఎఫ్‌ఐఆర్ వల్ల గడువు పెరగదు. లాయర్ నోటీసు పంపినా పెరగదు. "పోలీసులు తేలుస్తారని చూశాం" అన్న కారణం ఆలస్యాన్ని మన్నించడానికి చాలా బలహీనమైనది. ఇన్ని నెలలు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగారే, ఒక్కరోజైనా ఎవరినైనా ఈ సంగతి అడిగి ఉంటే బాగుండేది. ఇకనైనా నవంబరు దాకా ఆగకండి.

ఇప్పుడు ఆ తెలిసినాయన సలహా సంగతి. దాని జోలికి వెళ్లవద్దు. ఎఫ్‌ఐఆర్‌లో మూడు తులాలని మీరే రాయించారు. ఇప్పుడు ఆరు తులాల బిల్లు తెస్తే, నిజమైన ఆ మూడు తులాలు కూడా అబద్ధంలో కలిసిపోతాయి. దుకాణం బిల్లుకు వరుస నంబరు ఉంటుంది, ముందు వెనక బిల్లులు ఉంటాయి, 2017 జులై తర్వాతి బిల్లైతే జీఎస్టీ లెక్కల్లో ఉండాలి. అవతలి వకీలు ఆ దుకాణం పుస్తకం తెప్పించమని ఒక్క అర్జీ వేస్తే చాలు. కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. అందులో దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఫిర్యాదు మీ అమ్మగారి పేరున వేయాలి, అఫిడవిట్ మీద సంతకం ఆమెదే. అంటే ఈ సలహా ఇచ్చినాయన ఇంట్లో కూర్చుంటాడు, కాశీ వెళ్లొచ్చిన మీ అమ్మ బోనెక్కుతుంది.

సంచికి గొలుసు కట్టలేదా? కట్టలేదనే రాయండి. ఎందుకు కట్టలేదో కూడా ఉన్నదున్నట్టు రాయండి: మందుల కోసమో, తలకింద పెట్టుకుని పడుకున్నందుకో. ఇక్కడ మిమ్మల్ని అనకుండా ఉండలేను. స్లీపర్‌లో కింది బెర్తుల అడుగున సామాను కట్టుకోవడానికే ఇనుప రింగులు ఉంటాయి, ప్లాట్‌ఫారం మీద గొలుసూ తాళమూ దొరుకుతాయి. ఐదుగురు ప్రయాణిస్తున్నారు. నాగ్‌పూర్‌లో అంతమంది ఎక్కడం కళ్లారా చూశారు. ఒక్కరు కూడా బంగారమున్న సంచిని కట్టలేదు, ఒక్కరు కూడా వంతులవారీగా మేలుకోలేదు. ఈ ప్రశ్న మీకు తప్పదు. గొలుసు లేకపోవడం మీ లోపం. దానివల్ల పరిహారం తగ్గవచ్చు. కానీ జనాన్ని చొరబడనివ్వడం, ఫోన్ చేసినా రాకపోవడం రైల్వే లోపం. నిజం చెప్పినవాళ్ల కేసులో ఈ రెండు లోపాలనూ పక్కపక్కన పెట్టి తూచే అవకాశం ఉంటుంది. అబద్ధం చెప్పినవాళ్ల కేసులో తూకం దాకా రాదు.

మరి బిల్లు లేకుండా బంగారం ఉందని ఎలా చూపించాలి? మన పల్లెల్లో బంగారానికి బిల్లులుండవు, ఊరి అవుసలాయన చేసిన నగలు. అయినా రుజువులున్నాయి. పంట పెట్టుబడికి ఆ గొలుసును ఎప్పుడైనా బ్యాంకులో కుదువ పెట్టారా? పెట్టి ఉంటే బ్యాంకు కాగితంలో వస్తువు పేరు, గ్రాముల్లో బరువు, నాణ్యత రాసి ఉంటాయి. బ్యాంకువాళ్లు తూచి రాసిన ఆ కాగితం ఏ దుకాణం బిల్లుకన్నా బలమైనది. లోన్ తీరిపోయినా బ్యాంకును అడిగి నకలు తీసుకోండి. పెళ్లి ఫొటోలు, పండుగ ఫొటోల్లో ఆ నగలు కనబడేవి వెతకండి. నగ చేసినాయన బతికుంటే ఆయన అఫిడవిట్ తీసుకోండి.

మీరు మమకారంతో రాసిన గోదావరి ముచ్చట ఉంది చూశారూ, అదీ సాక్ష్యమే. ఆ వీడియోలో అమ్మ చేతిలో ఆ సంచి కనబడుతుంది. ఫైల్‌లో తేదీ, సమయం ఉంటాయి. ఆ రోజు మధ్యాహ్నం వరకు సంచి రైల్లో మీ దగ్గరే ఉందని అది చెబుతుంది. నాకు రైలు ప్రయాణమంటే ప్రాణం. గోదావరి రాగానే బోగీలో పెద్దవాళ్లంతా కిటికీల వైపు జరగడం ఎన్నిసార్లు చూశానో. ఆ నిమిషాన్ని మీరు దాచుకున్నందుకు సంతోషం. దాన్ని వాట్సాప్‌లో పంపిన కాపీ కాకుండా, తీసిన ఫోన్లో ఉన్న అసలు ఫైలే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే ఫైల్ మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ వకీలు చూసుకుంటారు. నాగ్‌పూర్ తర్వాత బోగీలో కిక్కిరిసిన జనం ఏ ఫొటోలోనైనా వెనకాల పడి ఉంటే అది ఇంకా విలువైనది. ఇంట్లో ఉన్న అన్ని ఫోన్లూ వెతకండి.

తొమ్మిది రోజుల ఆలస్యం గురించి. దిగినచోటే ఫిర్యాదు ఇవ్వాలని మీకు చెప్పింది సరికాదు. నడుస్తున్న రైల్లోనే టీసీ దగ్గర, గార్డు దగ్గర, ఎస్కార్ట్ పోలీసుల దగ్గర ఎఫ్‌ఐఆర్ ఫారాలు ఉంటాయి. నింపి ఇస్తే సంబంధిత పోలీస్ స్టేషన్‌కు వాళ్లే చేర్చాలి. ప్రయాణం ఆపుకోనక్కర్లేదు, స్నానమూ తప్పదు. టీసీ ఆ ఫారం ఇవ్వకపోవడం కూడా మీ ఫిర్యాదులో ఒక అంశమే. రైల్లో దొంగతనం ఏ రాష్ట్రంలో జరిగిందో తెలియకపోయినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ రాసుకోవాల్సిందే. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదీకి చెప్పాలని అదే చట్టం 193వ సెక్షన్ అంటుంది. మీకు చెప్పారా? చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి. ఆ అర్జీ నకలూ, రసీదూ దాచండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ-టికెట్‌తో తీసుకునే ఆ పాలసీ ప్రమాదంలో ప్రాణం పోయినా, అంగవైకల్యం వచ్చినా, ఆసుపత్రి పాలైనా వర్తిస్తుంది. పోయిన సామానుకు కాదు.

కేసు వేయడానికి నాగ్‌పూరో జబల్‌పూరో పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే మహబూబ్‌నగర్ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు చెల్లించిన టికెట్ ధరను బట్టే ఫీజు లెక్క కాబట్టి ఫీజు లేదు. ప్రతివాదిగా యూనియన్ ఆఫ్ ఇండియాను, రైలు బయల్దేరిన జోన్, దొంగతనం జరిగిన మార్గంలోని జోన్ల జనరల్ మేనేజర్ల ద్వారా చేర్చాలి. ఒక్క జోన్‌నే చేరిస్తే "అది మా పరిధి కాదు" అనడంతోనే ఏడాది గడిచిపోతుంది.

దాంతో పాటు ఈ వారమే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ రాత్రి మీ బోగీకి డ్యూటీలో ఉన్న టీసీ ఎవరు, ఆ బోగీలో అనధికార ప్రయాణికులకు రాసిన జరిమానా రసీదులు ఎన్ని, మీ బావగారి నంబరు నుంచి వచ్చిన ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారు, ఈ మూడూ అడగండి. జవాబుకు 30 రోజుల గడువుంది. జవాబు రాకపోయినా ఫిర్యాదు ఆపవద్దు.

గెలిచినా రైల్వే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వేసుకోవచ్చు. బహుశా వేస్తుంది కూడా. నగల పూర్తి విలువ వస్తుందని నేను చెప్పను. 139 ఫోన్ రుజువైతే కేసు గట్టిదే. రుజువు కాకపోతే, ఆ 2023 తీర్పు ముందు మీ కేసు నిలవడం కష్టం.

పీఎన్‌ఆర్ ఉన్న టికెట్, ఎఫ్‌ఐఆర్ నకలు, బ్యాంకు కాగితం, రెండు ఫోన్లు పట్టుకుని ఈ నెలలోనే వకీలును కలవండి. బావగారిని కూడా వెంట తీసుకెళ్లండి, అసలు సాక్షి ఆయనే. ఆ పాత ఫోన్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి ఉంటే ఆ సంగతి దాచకుండా మొదటి రోజే వకీలుకు చెప్పండి. అప్పుడు సెల్ కంపెనీ రికార్డు తెప్పించే అర్జీని ఫిర్యాదుతో పాటే వేస్తారు.