టెక్ సందేహాలు: డబ్బు కట్టాం, గాడ్జెట్ ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: కిక్‌స్టార్టర్‌లో (తయారీకి ముందే జనం నుంచి డబ్బు సేకరించే వెబ్‌సైట్) కీబోర్డున్న ఓ బుల్లి కంప్యూటర్‌కి డబ్బు కట్టి రెండేళ్లు దాటింది. ఎనిమిది నెలల్లో పంపిస్తామన్నారు. ఇప్పటికీ ‘దాదాపు పూర్తయింది’ అనే అప్‌డేట్లే వస్తున్నాయి. ఇంత ఆలస్యం ఎందుకు? అసలు వస్తుందా?

జవాబు: ఆలస్యం ఒక్కటే చూసి ఆశ వదులుకోకండి. ఈథన్ మాలిక్ అనే ప్రొఫెసర్ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నిధులు అందిన ప్రాజెక్టుల్లో 75 శాతానికి పైగా గడువు దాటాకే వస్తువు ఇచ్చాయి. 2015లో ఆయనే చేసిన మరో పరిశీలనలో, ఇస్తామన్నది ఇవ్వకుండా చేతులెత్తేసినవి 9 శాతం. ఆలస్యం మామూలే. మీ ప్రాజెక్టు ఆ 9 శాతంలో పడుతుందా లేదా అన్నది అప్‌డేట్లలో రాసినదాన్ని బట్టి చాలావరకు తెలుస్తుంది.

ప్రచార వీడియోలో కనిపించేది చేత్తో కూర్చిన నమూనా. అక్కడి నుంచి ఫ్యాక్టరీలో మూడు దశలు దాటాలి. మొదటిది ఈవీటీ (ఇంజినీరింగ్ పరీక్ష), ఇందులో బోర్డు, చిప్‌లు అనుకున్నట్టు పనిచేస్తున్నాయా అని చూస్తారు. రెండోది డీవీటీ (డిజైన్ పరీక్ష), ఇందులో అసలు మోల్డ్ (ప్లాస్టిక్ పోసే అచ్చు) నుంచి వచ్చిన కేసులో బిగించి, కింద పడేసి, వేడిలో పెట్టి, రేడియో పరీక్షలు చేస్తారు. మూడోది పీవీటీ (తయారీ పరీక్ష), ఇందులో అసలు అసెంబ్లీ లైన్ మీదే కొన్ని యూనిట్లు తయారుచేస్తారు. ఒక దశలో లోపం బయటపడితే వెనకటి దశకు వెళ్లాల్సిందే.

ఎక్కువ కాలం తినేసేది మోల్డ్. స్టీలు మోల్డ్ చెక్కడానికే నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందులోంచి వచ్చే మొదటి ముక్కల్ని టీ1 శాంపిల్స్ అంటారు. స్క్రూలు బిగించే దిమ్మెల వెనక పైభాగంలో గుంటలు పడటం, అంచుల్లో పలచటి రేకులా ప్లాస్టిక్ బయటికి రావడం, పెద్ద మూత వంకరపోవడం ఇక్కడే కనిపిస్తాయి. స్టీలును ఇంకాస్త చెక్కడం తేలిక. ఎక్కువ చెక్కేసిన చోట నింపాలంటే మాత్రం వెల్డింగ్ చేయాలి, లేదా మోల్డ్‌లో ఆ భాగాన్నే మార్చాలి. కీబోర్డున్న పరికరంలో ప్రతి మీటకూ ఓ రంధ్రం ఉంటుంది కాబట్టి సర్దుబాట్లు చాలా ఉంటాయి. టీ2, టీ3 అంటూ ఒక్కో విడతకూ మళ్లీ వారాలు గడుస్తాయి.

బ్యాటరీది మరో కథ. లిథియం బ్యాటరీని రవాణా చేయాలంటే యూఎన్ 38.3 పరీక్షలు నెగ్గాలి. విమానంలో ఎదురయ్యే తక్కువ పీడనం, వేడి చలి, కంపనం, కుదుపు, షార్ట్ సర్క్యూట్ లాంటివన్నీ అందులో ఉంటాయి. బ్యాటరీ లోపలి సెల్ సరఫరాదారు మారితే ఆ కొత్త సెల్‌కూ రిపోర్టు ఉండాలి. చిప్ దొరక్క మరొకటి వాడితే బోర్డు డిజైన్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాలి, చాలాసార్లు రేడియో సర్టిఫికేషన్ కూడా మళ్లీ చేయించాలి. 2021 చిప్ కొరత సమయంలో కొన్ని మైక్రోకంట్రోలర్ల (పరికరాన్ని నడిపే చిప్‌ల) కోసం ఏడాది దాకా ఆగాల్సి వచ్చింది. చైనాలో తయారవుతుంటే కొత్త సంవత్సరం సెలవులకు ఫ్యాక్టరీలు కొన్ని వారాలు మూతపడతాయి. ఫిబ్రవరిలో డెలివరీ అని చెబుతూ ఆ సెలవుల ఊసే ఎత్తనివాళ్లకు తయారీ అనుభవం లేనట్టే.

ఇక అప్‌డేట్లు ఎలా చదవాలో చూద్దాం. ‘టీ2లో ఎడమ హింజ్ దగ్గర పగులు వచ్చింది, మోల్డ్ సరిచేస్తున్నాం, ఇదిగో ఫొటో’ అని రాసేవాళ్లను నమ్మొచ్చు. ‘చిన్న చిన్న మెరుగులు దిద్దుతున్నాం’ అంటూ కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు పెడుతుంటే జాగ్రత్తపడండి. పాత బాకీ తీర్చకుండా కొత్త ప్రచారం మొదలుపెట్టడం అన్నిటికంటే చెడ్డ సూచన. ఆలస్యమైనా అందినదానికి ఉదాహరణ పెబుల్ స్మార్ట్‌వాచ్. దానికి 2012లో కోటి డాలర్లకు పైగా వచ్చాయి. సెప్టెంబరు గడువు తప్పినా 2013 జనవరిలో పంపిణీ మొదలైంది. చేతులెత్తేసినదానికి ఉదాహరణ జానో డ్రోన్. దానికి 23 లక్షల పౌండ్లు వచ్చినా, కొన్ని వందల డ్రోన్లు మాత్రమే బయటికెళ్లాక 2015 నవంబరులో కంపెనీ మూతపడింది.

ఒక మాటను మీరే సరిచూసుకోవచ్చు. ‘ఎఫ్‌సీసీ సర్టిఫికేషన్ అయిపోయింది’ అంటే ఐడీ అడగండి. ఎఫ్‌సీసీ అంటే అమెరికాలో రేడియో పరికరాలకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ, దాని డేటాబేస్‌లో ఎవరైనా వెతకొచ్చు. ముందే సర్టిఫై అయిన వైఫై మాడ్యూల్ (రెడీమేడ్ వైఫై భాగం) వాడితే పరికరం పేరుమీద ఐడీ ఉండకపోవచ్చు, మాడ్యూల్ ఐడీ మాత్రం ఉండాలి. అదీ చెప్పలేకపోతే ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న: 13 నెలల కిందట క్రెడిట్ కార్డుతో కట్టాను. ఇస్తామన్న తేదీ దాటి మూడు నెలలైంది. డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: వెంటనే కదలండి, మీకు దాదాపు నెల రోజులే ఉంది. వస్తువు అందలేదన్న ఫిర్యాదుకు వీసా కార్డుల నిబంధనల్లో గడువు, వస్తువు అందాల్సిన తేదీ నుంచి 120 రోజులు. ఎంత ఆలస్యమైనా లావాదేవీ నుంచి 540 రోజులు దాటకూడదు. వేరే నెట్‌వర్క్ కార్డయితే గడువు బ్యాంకునే అడగండి. మొదటి ప్రశ్న వేసినవారికి 540 రోజులు ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి ఈ దారి మూసుకుపోయినట్టే.

ముందు ప్రాజెక్టువాళ్లకు రాతపూర్వకంగా రీఫండ్ అడిగి, వారం గడువివ్వండి. ఆలోగా మీ ప్లెడ్జ్ (మీరు కట్టిన డబ్బు) రసీదు, డెలివరీ నెల కనిపించేలా ప్రాజెక్టు పేజీ స్క్రీన్‌షాట్, వాయిదా వేసిన అప్‌డేట్లు దాచుకోండి. జవాబు రాకపోతే ఇవన్నీ జతచేసి బ్యాంకుకు పంపండి. ఇది కొనుగోలు కాదు, మద్దతు మాత్రమేనని ఎదుటివాళ్లు వాదిస్తారు, బ్యాంకు ఒప్పుకోవచ్చు కూడా. అయినా అడగకుండా వదిలేయకండి.

కిక్‌స్టార్టర్ తానుగా డబ్బు తిరిగివ్వదు. ప్రాజెక్టు పూర్తిచేయలేకపోతే ఖర్చుల వివరం చెప్పి, మిగిలినది పంచాలని నిబంధనలు ఉన్నాయి. మోల్డ్‌కీ చిప్‌లకీ అడ్వాన్సులు కట్టేశాక మిగిలేది చాలా తక్కువ.

ప్రశ్న: షిప్పింగ్‌కి ఇంకొంత కట్టమంటున్నారు. కట్టాలా?

జవాబు: షిప్పింగ్, పన్నులు తర్వాత వసూలు చేస్తామని ప్రచారం నాడే పేజీలో రాసి ఉంటే అది మామూలే. ‘అదనంగా కడితే మీది ముందు పంపుతాం’ అంటే మాత్రం వాళ్ల దగ్గర తయారీకి డబ్బు లేదని అర్థం చేసుకోండి. 1.3 కోట్ల డాలర్లు సేకరించిన కూలెస్ట్ కూలర్ 2016లో ఇలాగే 97 డాలర్లు అడిగింది. 2019లో మూతపడేనాటికి వేల మందికి వస్తువు అందలేదు. ఏది కట్టినా మెయిల్‌లోని లింకు నొక్కి కట్టకండి. మీ ఖాతాలోకి లాగిన్ అయి, ప్రాజెక్టు పేజీ నుంచే వెళ్లండి.

ప్రశ్న: మూడేళ్లకు నా గాడ్జెట్ వచ్చింది, ఆన్ కావడం లేదు.

జవాబు: ముందు బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. మూత పైకి లేచినా, స్క్రీన్ అంచు విడినా చార్జింగ్ పెట్టకండి, ఫొటో తీసి వాళ్లకు పంపండి. మామూలుగానే ఉంటే, నెలల తరబడి గోదాములో ఉండి చార్జ్ పూర్తిగా దిగిపోయి రక్షణ సర్క్యూట్ బ్యాటరీని ఆపేసి ఉండొచ్చు. మామూలు 5 వోల్టుల చార్జర్‌తో, ఫాస్ట్ చార్జింగ్ లేకుండా, ఎదురుగా కూర్చుని గంటసేపు పెట్టి చూడండి. వేడెక్కితే తీసేయండి.

ఆన్ అయితే ఫర్మ్‌వేర్ ఫైలునూ యాప్ ఇన్‌స్టాలర్‌నూ వెంటనే డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర ఉంచుకోండి. పెబుల్‌ను ఫిట్‌బిట్ అనే కంపెనీ కొన్నాక 2018 జూన్‌లో సర్వర్ సేవలు ఆగిపోయాయి. రెబుల్ పేరుతో అభిమానులు సొంత సర్వర్లు నడపబట్టి ఆ వాచీలు బతికాయి. చిన్న కంపెనీల గాడ్జెట్లకు అలాంటి అభిమానులు దొరకరు కాబట్టి సర్వర్ లేకుండా, వైఫై ఆపేసి, మీ గాడ్జెట్ ఏమేం చేయగలదో వారంటీ ఉండగానే పరీక్షించండి.