అమెరికాలో బయట ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడాలని చట్టం ఉందా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటున్నాం. మావారిది హెచ్-1బి వీసా. నాకు ఆయన భార్యగా వచ్చిన హెచ్-4 వీసా మీద వర్క్ పర్మిట్ వచ్చింది, ఒక వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ పని చేస్తున్నాను. పోయిన వారం ఒక దుకాణంలో బిల్లు కట్టడానికి లైన్లో ఉన్నాను. నా ముందున్న ఆవిడ తన చిన్నపిల్లాడితో స్పానిష్‌లో మాట్లాడుతోంది. వెనకనుంచి ఒకాయన "ఇది అమెరికా, ఇంగ్లిష్‌లో మాట్లాడు, లేకపోతే మీ దేశం పో. ఇప్పుడు ఇంగ్లిషే అధికార భాష, ప్రెసిడెంట్ సంతకం పెట్టాడు" అని అరిచాడు. ఆమె సామాను అక్కడే వదిలేసి పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది. అప్పుడు నేను మా అమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడుతున్నాను. భయమేసి పెట్టేశాను. అదే వారం నాతో పనిచేసే మెక్సికన్ స్నేహితురాలితో మా సూపర్‌వైజర్ బ్రేక్ రూమ్‌లో కూడా ఇంగ్లిషే మాట్లాడాలన్నాడు. అలాంటి చట్టం నిజంగా వచ్చిందా? మన వాట్సాప్ గ్రూప్‌లో కొందరు "వాళ్ళ సంగతి వేరు, మనం లీగల్‌గా వచ్చాం, మనకేం కాదు" అంటున్నారు. అది సరైనదేనా?
– ఒక సోదరి, టెక్సాస్

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గించే మాట చెబుతాను. దుకాణంలో, బస్సులో, పార్కులో, ఫోన్లో ఫలానా భాషే మాట్లాడాలని అమెరికాలో ఏ చట్టమూ లేదు. స్పానిష్ మాట్లాడిన ఆ తల్లి ఏ తప్పూ చేయలేదు. మీరూ చేయలేదు.

ఆయన చెప్పిన సంతకం సంగతి మాత్రం నిజం. 2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటిస్తూ ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అధ్యక్షుడి అధికార ఉత్తర్వు) మీద సంతకం పెట్టారు. ఇంగ్లిష్ సరిగా రాని వారికి ప్రభుత్వ సేవలు అందేలా చూడాలని 2000లో క్లింటన్ ఇచ్చిన ఆర్డర్‌ను దానితో రద్దు చేశారు. ఈ ఆర్డర్ ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ శాఖల కోసం ఇచ్చింది. ఫారాలు ఏ భాషలో అచ్చు వేయాలి, ఏ సేవలు ఏ భాషలో ఇవ్వాలి అన్న విషయం వరకే దాని పరిధి. ఇతర భాషల్లో ఇస్తున్న సేవలు ఆపేయాలని శాఖలను సైతం అది ఆదేశించలేదు. లైన్లో నిలబడ్డ మనిషి నోటితో దానికి సంబంధమే లేదు. ఇంగ్లిష్‌ను అధికార భాషగా పెట్టుకున్న రాష్ట్రాలు 30కి పైగా ఉన్నాయి. మీరుండే టెక్సాస్‌కు అసలు అధికార భాషంటూ లేదు.

ఈ విషయంలో పెద్ద తీర్పు వచ్చి వందేళ్ళు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ భాష మీద కోపంతో నెబ్రాస్కా రాష్ట్రం 1919లో ఒక చట్టం చేసింది. ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు ఇంగ్లిష్ తప్ప వేరే భాష నేర్పితే నేరం. రాబర్ట్ మేయర్ అనే టీచర్ పదేళ్ళ పిల్లాడితో జర్మన్ చదివించాడని 25 డాలర్ల జరిమానా వేశారు. ఆయన కట్టకుండా పోరాడాడు. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవారికి ఎలాగో, వేరే భాషలు మాట్లాడేవారికీ రాజ్యాంగ రక్షణ అలాగే ఉంటుందని అందులో రాసింది. అది జర్మన్ కోసం వచ్చిన తీర్పు. ఈరోజు స్పానిష్‌కీ, తెలుగుకీ అదే అండ.

మరి ఆ అరిచినాయన మీద కేసు పెట్టవచ్చా? ఇక్కడ చాలామంది నిరాశపడతారు. "మీ దేశం పో" అనడం ఎంత నీచంగా ఉన్నా, ఒక్క ఆ మాటకే అమెరికాలో శిక్ష పడటం కష్టం. వాక్‌స్వేచ్ఛ చెడ్డ మాటకు కూడా వర్తిస్తుంది. అయితే ఆయన కొడతానని బెదిరించినా, చేయి వేసినా, వెంటపడినా, దారికి అడ్డం నిలబడినా అది నేరమవుతుంది. 2022 ఆగస్టులో మీకు దగ్గర్లోని ప్లానోలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. పార్కింగ్ లాట్‌లో నలుగురు భారతీయ సంతతి మహిళలను ఒకామె తిట్టి, వాళ్ళమీద చేయి చేసుకుంది. పోలీసులు దాడి, బెదిరింపు ఆరోపణల మీద ఆమెను అరెస్టు చేశారు. తాను మెక్సికన్ అమెరికన్‌నని, ఇక్కడే పుట్టానని ఆమె ఆ వీడియోలో తనే చెప్పుకుంది. స్పానిష్ మాట్లాడేవాళ్ళని ఒకరు తరుముతుంటే, వాళ్ళలోంచి ఒకరు మనవాళ్ళని తరిమారు. మీ వాట్సాప్ గ్రూప్‌లో "వాళ్ళు వేరు, మనం వేరు" అనేవారికి ఈ సంగతి ఒకసారి గుర్తు చేయండి.

దుకాణం యజమానే బయటకు పొమ్మంటే అది వేరే సంగతి. ఒరెగాన్ రాష్ట్రంలోని ఫారెస్ట్ గ్రోవ్ అనే ఊళ్ళో ఒక బార్ ఇలాంటి నియమమే పెట్టింది. కౌంటర్ దగ్గర పరాయి భాష మాట్లాడకూడదట. స్పానిష్ మాట్లాడుకుంటున్న మెక్సికన్ సంతతి యువకులను పంపించేశారు. 1973లో ఫెడరల్ జడ్జి అది పచ్చి జాతి వివక్ష అని తీర్పిచ్చాడు. పాత కస్టమర్లకు ఇబ్బందిగా ఉందన్న వాదన నిలవలేదు. అయితే ఆర్డర్ ఇంగ్లిష్‌లో చెప్పమని బోర్డు పెట్టినంత మాత్రాన కేసు నిలుస్తుందని అనుకోకండి. ఫిలడెల్ఫియాలో ఒక శాండ్‌విచ్ దుకాణం అలాంటి బోర్డే పెడితే, 2008లో ఆ నగర మానవ సంబంధాల కమిషన్ 2–1 ఓట్లతో అది వివక్ష కాదంది. నాకు ఆ నిర్ణయం నచ్చలేదు. కానీ నా ఇష్టం వేరు, మీకు చెప్పాల్సిన న్యాయం వేరు.

ఇక మీ స్నేహితురాలి సంగతి. మీ ఉత్తరంలో గట్టిగా పట్టుకోవలసిన విషయం ఇదే.

పనిచోట భాష నియమాలు అన్నీ తప్పు కాదు. ఫోర్క్‌లిఫ్ట్ నడుస్తున్నప్పుడు హెచ్చరికలు అందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలంటే అందులో న్యాయం ఉంది. ఈ విషయంలో మీ ప్రాంతపు ఫెడరల్ అప్పీల్ కోర్టు మొదటినుంచీ కొంచెం యజమానుల వైపే మొగ్గింది. బ్రౌన్స్‌విల్‌లో కలప దుకాణంలో పనిచేసే ఒక సేల్స్‌మన్, తోటి ఉద్యోగి అడిగినదానికి స్పానిష్‌లో జవాబిచ్చాడని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1980లో ఆ కోర్టు యజమానిదే సరి అంది. రెండు భాషలూ వచ్చిన మనిషి ఏది మాట్లాడాలో ఎంచుకోగలడు కదా అన్నది దాని తర్కం. అమ్మ నేర్పిన భాష చొక్కా మార్చినట్టు మార్చేది కాదని ఆ జడ్జీలకు ఎవరూ నచ్చచెప్పలేకపోయారు. కానీ ఒకటి గమనించండి. ఆ కలప దుకాణం నియమం బ్రేక్ టైమ్‌కు వర్తించేది కాదు. మీ సూపర్‌వైజర్ పెట్టింది వర్తిస్తుంది. ఆ తేడాయే మీ స్నేహితురాలి బలం.

డాలస్ కౌంటీలోని డిసోటోలో జరిగిన కేసు ఆమెకు ఇంకా దగ్గరగా ఉంది. ఫోన్ ఆపరేటర్ల కంపెనీ ఒకటి స్పానిష్ వచ్చని చూసి మరీ మనుషులను ఉద్యోగంలో పెట్టుకుంది. కస్టమర్లతో స్పానిష్ మాట్లాడాలి, తమలో తాము మాట్లాడుకుంటే మాత్రం తప్పు, భోజనం దగ్గరా తప్పే. తుపాకులు, కత్తులు తేకూడదన్న నోటీసులోనే ఇంగ్లిష్ నియమం కూడా రాసి తలుపుకు అంటించారు. తల్లి భాషను కత్తితో పాటు ఒకే కాగితం మీద నిషేధించారు. ఈ కేసు గురించి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. 2000లో డాలస్ ఫెడరల్ కోర్టు ఆ నియమాన్ని వివక్ష అని తేల్చి, 13 మంది ఉద్యోగులకు మొత్తం 7 లక్షల డాలర్లకు పైగా ఇప్పించింది.

ఈ రక్షణ 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చింది. 15 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట ఇది వర్తిస్తుంది. ఫిర్యాదు ఉద్యోగాల్లో వివక్షను చూసే ఈఈఓసీ అనే ఫెడరల్ కమిషన్‌కు గానీ, టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కు గానీ ఇవ్వాలి. రాష్ట్రానికి 180 రోజులు, ఫెడరల్‌కు టెక్సాస్‌లో 300 రోజులు గడువు. 180 రోజులనే గట్టి గడువుగా పెట్టుకోమనండి. గడువు దాటిపోయాక మంచి కేసులు నా దగ్గరకు ఎన్నో వచ్చాయి, ఏమీ చేయలేకపోయాను. సూపర్‌వైజర్ ఏ రోజు, ఎవరి ఎదుట, ఏ మాటలతో అన్నాడో ఈరోజే రాసి పెట్టుకోమనండి. నియమం కాగితం మీద ఇవ్వమని మర్యాదగా మెయిల్ పెట్టమనండి. మీరు సాక్షిగా నిలబడితే మీ మీద కక్ష తీర్చుకోవడం కూడా అదే చట్టం కింద నేరారోపణకు కాకపోయినా దావాకు దారితీసే తప్పు. సాక్ష్యం చెప్పినందుకు మీ హెచ్-4కు ఏమీ కాదు.

"మనం లీగల్, మనకేం కాదు" అన్న మాటకు వస్తాను. 2018 మేలో మోంటానాలోని హావ్ర్ అనే చిన్న ఊళ్ళో ఇద్దరు మహిళలు పాలు, గుడ్లు కొనుక్కోవడానికి దుకాణానికి వెళ్ళి స్పానిష్‌లో మాట్లాడుకుంటున్నారు. బార్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ) ఏజెంటు వాళ్ళ గుర్తింపు కార్డులు అడిగి సుమారు 40 నిమిషాలు ఆపాడు. ఎందుకని అడిగితే స్పానిష్ మాట్లాడుతున్నారు కాబట్టి అని వీడియోలోనే చెప్పాడు. ఇద్దరూ అమెరికన్ పౌరులే. ఒకామె పుట్టింది మీ టెక్సాస్‌లోనే. కేసు వేశారు, 2020లో ప్రభుత్వం రాజీకి వచ్చింది. వాళ్ళకన్నా లీగల్ ఎవరుంటారు?

ఆ తర్వాత పరిస్థితి ఇంకా బిగుసుకుంది. స్పానిష్ మాట్లాడటం, యాస, రంగు, చేసే పని, నిలబడ్డ చోటు – వీటిని మాత్రమే చూసి మనుషులను ఆపకూడదని 2025 జూలైలో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ జడ్జి ఒకరు ఇమిగ్రేషన్ అధికారులను ఆదేశించారు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. జస్టిస్ సోటోమేయర్ సహా ముగ్గురు జడ్జీలు గట్టిగా విభేదించారు. అది తుది తీర్పు కాదు. స్పానిష్ మాట్లాడితే నేరమని ఆ కోర్టు అనలేదు. కానీ భాష కూడా అనుమానానికి ఒక కారణమయ్యే వీలు ప్రస్తుతానికి మిగిలిపోయింది. దీన్ని చూసి "స్పానిష్ వాళ్ళకే కదా" అనుకుంటే మనం మోసపోతాం. యాస అన్న మాట ఆ జాబితాలో ఉంది. మన ఇంగ్లిష్‌కు యాస లేదా?

అందుకని మీ జాగ్రత్త మీరు తీసుకోండి. 18 ఏళ్ళు దాటిన విదేశీయులు తమ ఇమిగ్రేషన్ పత్రం వెంట ఉంచుకోవాలన్నది ఫెడరల్ చట్టం. మీ ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు), వర్క్ పర్మిట్ కార్డు పర్సులో పెట్టుకోండి. ఎవరైనా అధికారి ఆపితే పరుగెత్తొద్దు, అబద్ధం చెప్పొద్దు. "నేను వెళ్ళవచ్చా?" అని అడగండి. వెళ్ళమంటే ప్రశాంతంగా వెళ్ళండి. ఆపితే లాయర్‌తో మాట్లాడాలని చెప్పండి. భయపడి తెలుగు మానేయడం ఈ జాగ్రత్తల్లో ఒకటి కాదు.

టెక్సాస్‌లో ఈ సిగ్గు పిల్లలకు ఎలా నేర్పారో కూడా చెప్పాలి. మార్ఫా అనే ఊళ్ళో మెక్సికన్ పిల్లల కోసం బ్లాక్‌వెల్ స్కూల్ అని విడిగా ఒక బడి ఉండేది. స్పానిష్ మాట్లాడితే దెబ్బలు. 1954లో ఆ పిల్లల చేత స్పానిష్ మాటలు కాగితం ముక్కల మీద రాయించి, పెట్టెలో పెట్టించి, బడి ఆవరణలో గొయ్యి తీసి పూడ్పించారు. భాషకు అంత్యక్రియలన్నమాట. ఆ బడిని 2022లో జాతీయ చారిత్రక స్థలంగా చేస్తూ చట్టం వచ్చింది. స్పెయిన్ వాళ్ళు ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ కట్టింది 1565లో, ఇంగ్లిష్ వాళ్ళు జేమ్స్‌టౌన్‌కు వచ్చింది 1607లో. స్పానిష్ ఈ దేశానికి నిన్న మొన్న వచ్చిన అతిథి కాదు. ఇళ్ళలో దాన్ని మాట్లాడేవారు నాలుగు కోట్లకు పైనే.

ఇంకోసారి అలాంటిది మీ కళ్ళముందు జరిగితే ఏం చేయాలని మీరు అడగలేదు కానీ, ఆవిడ సామాను వదిలేసి వెళ్ళిందని మీరు రాసిన తీరు చూస్తే అది మీ మనసులో ఉందనిపించింది. అరిచేవాడితో వాదం పెట్టుకోవద్దు. ఆ తల్లి పక్కకు వెళ్ళి నిలబడి, ఆమెతోనే మామూలుగా మాట్లాడండి, ఇంగ్లిష్‌లోనైనా సరే, పిల్లాడి వయసెంత అనైనా సరే. క్యాషియర్‌తో మేనేజర్‌ని పిలవమనండి. మీ కంటికి కనబడేది ఫోన్లో వీడియో తీయవచ్చు, దుకాణంవాళ్ళు ఆపమంటే ఆపండి. కొడతానని బెదిరిస్తే 911కు ఫోన్ చేయండి. ఆ వీడియో మాత్రం ఆమెను అడగకుండా నెట్‌లో పెట్టకండి, మన గ్రూప్‌లో కూడా. ఆమెకే పంపండి. కేసు పెట్టాలో వద్దో ఆమె ఇష్టం.