పిల్లల కోసం వాడే మందులతో మగవాళ్లలో సహజ టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఆగిపోతుందా?

ఆగదండీ. నాకైతే పెరిగింది. ఆపేది టెస్టోస్టిరాన్ ఇంజక్షన్. జనం ఈ రెండింటినీ ఒకే గాట కట్టేస్తున్నారు.

మాకు పిల్లలు లేరని పరీక్ష చేయిస్తే నాకు వీర్యకణాలు తక్కువ, టెస్టోస్టిరానూ తక్కువే అని తేలింది. పిల్లల కోసమే వచ్చామని చెప్పినా, మా ఊరి డాక్టరొకాయన టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు రాసేశాడు. మా ఆవిడకు నమ్మకం కుదరక గుంటూరులో ఆండ్రాలజిస్టు (మగవాళ్ల సంతాన సమస్యలు చూసే డాక్టరు) దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన ఆ చీటీ చూసి, ఇంజక్షన్ పేరు మీద పెన్నుతో అడ్డంగా కొట్టేసి, “అమ్మా, ఇది వేయించేశారా?” అని ఆవిడనే అడిగారు. ఇంకా లేదంది. “బతికించారు. ఇది పడితే ఉన్న కణాలు కూడా పోతాయి” అన్నారు.

అదే చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తే మెదడు ఇక చాలనుకుని, వృషణాలను పనిచేయించే హార్మోన్లైన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గించేస్తుంది. అవి అందక వృషణాలు పని మానేస్తాయి, కణాలు సున్నాకీ పడిపోవచ్చు. మగవాళ్ల గర్భనిరోధకంగా వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇచ్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 1990లోనే వచ్చింది. అలాంటి మందును పిల్లలు కావాలని వచ్చినవాడికి రాస్తారా!

నాకు రాసింది క్లోమిఫీన్ అనే మాత్ర, ఎక్కువగా ఆడవాళ్లకు రాసేది. అది మెదడులో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. దాంతో మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది, వృషణాలే సొంతంగా టెస్టోస్టిరాన్ తయారుచేసుకుంటాయి. ఆడవాళ్ల మాత్ర మగాడికా అన్నట్టు మెడికల్ షాపు అబ్బాయి చీటీనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. పొద్దున్నే ఇచ్చిన రక్తంలో 240 ఉన్న నా టెస్టోస్టిరాన్ తర్వాత 500 దాటింది. కణాలు మాత్రం అందరికీ పెరుగుతాయన్న గ్యారంటీ లేదు. కణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, పదిహేను రోజులకే రిపోర్టు చూసి నీరుగారిపోవద్దు. చూపు మసకబారితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పండి.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. మా ఆవిడకు స్కానింగులు, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ అయ్యాక గానీ నాకు వీర్య పరీక్ష రాయలేదు. డబ్బాలో ఇచ్చి వచ్చేస్తే అయిపోయే పరీక్ష అది! పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందికి మగవాడి వైపూ ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా పెళ్లిళ్లలో “విశేషం ఏమైనా ఉందా?” అని ఆవిడనే నిలదీస్తారు, మాత్రలూ ఆవిడకే మొదలుపెడతారు. మొదటిరోజే “నాకూ పరీక్ష రాయండి” అని మీరే అడగండి.