2010లో వచ్చిన బ్రిటన్ సంకీర్ణ ప్రభుత్వం ఆర్థిక వ్యవస్థను నిజంగా గట్టెక్కించిందా?

కన్జర్వేటివ్ ప్రధాని కామెరాన్, లిబరల్ డెమోక్రాట్ (లిబ్ డెమ్) నేత క్లెగ్ కలిసి నడిపిన ప్రభుత్వం పొదుపుతో దేశాన్ని ఒడ్డున పడేసిందని కొందరు, ఆ పొదుపే కొంప ముంచిందని ఇంకొందరు అంటున్నారు, ఇందులో ఏది నిజమని అడిగారు. ఈ తగువులో సగం లోటునీ అప్పునీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చింది. ఒక ఏడాదిలో ఆదాయాన్ని మించి పెట్టిన ఖర్చు లోటు. ఏళ్ల తరబడి ఆ లోట్లన్నీ పేరుకుంటే అప్పు. 2009-10లో బ్రిటన్ లోటు జీడీపీలో సుమారు 10 శాతం, 2014-15కల్లా అది సగానికి దిగింది. అదే ఐదేళ్లలో అప్పు దాదాపు 1 ట్రిలియన్ పౌండ్ల నుంచి 1.5 ట్రిలియన్ల దాకా ఎక్కింది. రెండూ నిజమే. నెలనెలా పదివేలు అప్పు చేసేవాడు ఐదువేలతో సరిపెట్టుకున్నా, షావుకారు పుస్తకంలో బాకీ పెరుగుతూనే ఉంటుంది కదా.

పొత్తు ఎందుకు కుదిరిందో సీట్ల లెక్కలోనే తెలుస్తుంది. 2010 మే 6 ఎన్నికల్లో 650 స్థానాలకు కన్జర్వేటివ్‌లకు 306, లేబర్‌కు 258, లిబరల్ డెమోక్రాట్లకు 57 వచ్చాయి. మెజారిటీ 326. లేబర్, లిబ్ డెమ్ కలిసినా 315 దగ్గరే ఆగిపోతారు. కన్జర్వేటివ్‌లతో కలిస్తే 363. 1999లో తెలుగుదేశం వాజపేయి ప్రభుత్వానికి మంత్రి పదవులు తీసుకోకుండా బయటి నుంచి మద్దతిచ్చిన పద్ధతి మనకు తెలిసిందే. క్లెగ్‌కూ ఆ దారి ఉంది, కానీ తాను ఉప ప్రధాని అయ్యి, మరో నలుగురిని కేబినెట్‌లో కూర్చోబెట్టారు. పదవులతోపాటు నిందలో వాటా కూడా అప్పుడే రాసిచ్చినట్టయింది.

ఐదేళ్లూ పడిపోకుండా నిలవడానికి రెండు ఏర్పాట్లు పనిచేశాయి. ఒకటి, నలుగురి కూటమి: కామెరాన్, క్లెగ్, ఆర్థిక మంత్రి ఆస్బోర్న్, ఆయన కింద ఖర్చులు చూసే లిబ్ డెమ్ మంత్రి డానీ అలెగ్జాండర్. బడ్జెట్‌లో పెద్ద విషయమేదైనా ముందు ఈ నలుగురి మధ్య తేలాలి. రెండోది, 2011లో తెచ్చిన నిర్ణీత కాల పార్లమెంటు చట్టం. అంతకుముందు సర్వేలు అనుకూలంగా కనిపించినప్పుడు ఎన్నికలకు వెళ్లే వీలు ప్రధాని చేతిలో ఉండేది. చిన్న భాగస్వామిని వాడుకుని వదిలేయడానికి అంతకన్నా సులువైన దారి లేదు. కొత్త చట్టంతో ముందస్తుకు మూడింట రెండొంతుల మంది సభ్యులు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ చట్టాన్ని 2022లో రద్దు చేశారు.

ఇక పొదుపు సంగతి. 2010 జూన్ 22న అత్యవసర బడ్జెట్ పెట్టారు. అందులో వ్యాట్ 17.5 నుంచి 20 శాతానికి పెంచి, 2011 జనవరి 4 నుంచి అమలు చేశారు. వ్యాట్‌తో కలిపి 117.50 పౌండ్లున్న వస్తువు 120 అయింది, అంటే కొట్లో ధర 2.1 శాతం పెరిగినట్టు. ఏడాదికి 21,000 పౌండ్లు దాటిన ప్రభుత్వోద్యోగులకు రెండేళ్లు జీతాల పెంపు ఆపేశారు. అక్టోబర్ 20న నాలుగేళ్లకు 81 బిలియన్ పౌండ్ల కోత ప్రకటించారు. వైద్యం, బడులు, విదేశీ సాయం జోలికి వెళ్లబోమన్నారు. పెద్ద పద్దులు పక్కన పెట్టేస్తే మిగిలినవాటి మీద కత్తి లోతుగా దిగక తప్పదు. స్థానిక కౌన్సిళ్లు, పోలీసు, సంక్షేమం మీద పడింది అందుకే. ఇంకో పొరపాటు కట్టడాల ఖర్చులో జరిగింది. కట్టని బడి గురించి ఎవరూ ధర్నా చేయరు కాబట్టి అందరికీ ముందు కోయాలనిపించేది అదే. కానీ నిర్మాణ పనులకూ ఉపాధికీ వెంటనే దెబ్బ తగిలేది కూడా అక్కడే.

2011లో 2.3, 2012లో 2.8 శాతం వృద్ధి ఉంటుందని కొత్తగా పెట్టిన బడ్జెట్ బాధ్యతా కార్యాలయం 2010 జూన్‌లో అంచనా కట్టింది. రెండూ తప్పాయి. యూరో దేశాల సంక్షోభం ఎగుమతులను దెబ్బకొట్టింది. వ్యాట్, చమురు ధరలు తోడై 2011 సెప్టెంబర్‌లో ద్రవ్యోల్బణం 5.2 శాతానికి పోయింది, జీతాలు మాత్రం కదల్లేదు. వృద్ధి లేకపోతే పన్నులు రావు, పన్నులు రాకపోతే లోటు అనుకున్నంత తగ్గదు. ఆస్బోర్న్ అప్పుడు చేసింది చాలామంది గమనించరు: పైకి ప్రణాళిక మారలేదంటూనే, లోటు తీర్చే గడువును రెండేళ్లు ముందుకు పొడిగించారు. 2015-16కల్లా జీడీపీలో అప్పు వాటా తగ్గాలన్న సొంత లక్ష్యాన్ని వదులుకున్నారు. 2013 ఫిబ్రవరిలో, దేశాల అప్పు తీర్చే శక్తికి మార్కులు వేసే మూడీస్ సంస్థ బ్రిటన్‌కున్న అత్యున్నత ట్రిపుల్ ఏ రేటింగ్ తీసేసింది. నా లెక్కలో, 2013 నుంచి పుంజుకోవడానికి ఈ పట్టు సడలింపు కూడా ఒక కారణం.

మిగతాది చౌక డబ్బు. 2009 మార్చి నుంచి 2016 ఆగస్టు దాకా అక్కడి కేంద్ర బ్యాంకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 0.5 శాతమే. మార్కెట్‌లోకి డబ్బు పంపడానికి అది చేసే బాండ్ల కొనుగోళ్లను 375 బిలియన్ పౌండ్ల దాకా పెంచాలని 2012 జులైలో నిర్ణయించింది. 2013 ఏప్రిల్‌లో ఇళ్లు కొనేవాళ్లకు సాయం చేసే హెల్ప్ టు బై పథకం వచ్చింది. ఇంగ్లండ్‌లో కొత్తగా కట్టిన 2,00,000 పౌండ్ల ఇంటికి మీరు 10,000 పెడితే, ప్రభుత్వం 40,000 ఇచ్చేది, మిగిలిన 1,50,000 బ్యాంకు రుణం. ప్రభుత్వ వాటాకు ఐదేళ్లు వడ్డీ లేదు, ఆరో ఏడు నుంచి 1.75 శాతం రుసుము. అయితే ఆ వాటా ఇంటి విలువలో 20 శాతం కింద లెక్క. ఇల్లు 2,50,000 అయ్యాక తీర్చాలంటే 40,000 కాదు, 50,000 కట్టాలి. నిరుద్యోగం 2011 చివర్లో 8.5 శాతం దాకా పోయి 2015 ఎన్నికలనాటికి 5.5 దగ్గరికి దిగింది. ధరలతో పోల్చి చూస్తే జీతాలు మాత్రం 2008 స్థాయిని అందుకోలేదు.

లిబ్ డెమ్‌లకు దక్కిన మంచి పేరు దాదాపు సున్నా. ఆదాయపు పన్ను లేని పరిమితి 6,475 నుంచి 10,600 పౌండ్లకు పెరిగింది వాళ్ల పట్టుదల వల్లే. పరిమితి దాటి సంపాదించే మామూలు ఉద్యోగికి ఏడాదికి 825 పౌండ్ల దాకా మిగులు. ఆ గొప్ప కన్జర్వేటివ్‌లు చెప్పుకున్నారు. యూనివర్సిటీ ఫీజుల పాపం వీళ్లకు చుట్టుకుంది. పెంచనివ్వం అని సంతకాలు చేసి మరీ గెలిచినవాళ్లు, 2010 డిసెంబర్ 9న గరిష్ఠ ఫీజును 9,000 పౌండ్లకు పెంచే ఓటింగ్‌లో 28 మంది అనుకూలంగా, 21 మంది వ్యతిరేకంగా ఓటేశారు, 8 మంది వేయలేదు. తమాషా ఏంటంటే కొత్త పద్ధతిలో నెలసరి భారం పాతదానికంటే తక్కువే. ఫీజు కోసం తీసుకున్న ప్రభుత్వ రుణాన్ని చదువయ్యాక తీర్చేటప్పుడు, 21,000 దాటిన ఆదాయంలో 9 శాతం కట్టాల్సి ఉండేది కాబట్టి, 25,000 జీతమైతే నెలకు 30 పౌండ్లు. పాత పరిమితి 15,000 అయితే అదే జీతానికి 75. వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. 2015లో 57 సీట్లు 8 అయ్యాయి.

మనవాళ్లకు తగిలిన దెబ్బ వేరే. చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీసాను 2012 ఏప్రిల్‌లో మూసేశారు. వలసలు తగ్గించాలన్న పట్టు కన్జర్వేటివ్‌లది. విద్యార్థులను ఆ లెక్కలో కలపడాన్ని లిబ్ డెమ్ వాణిజ్య మంత్రి విన్స్ కేబుల్ బాహాటంగానే తప్పుపట్టారు, ఫలితం లేదు. అప్పటి నుంచి స్పాన్సర్ చేసే కంపెనీ దొరక్కపోతే హైదరాబాద్ విమానం ఎక్కడమే. ఆ వీసా వేరే పేరుతో 2021 జులైలో గానీ తిరిగి రాలేదు.

మీరు పాత వార్తలు తిరగేస్తుంటే ఒక జాగ్రత్త. 2012లో బ్రిటన్ రెండోసారి మాంద్యంలోకి జారిందని పతాక శీర్షికలు కనిపిస్తాయి. 2013 జూన్‌లో గణాంకాలు సవరించినప్పుడు ఆ రెండో మాంద్యం లెక్కల్లోంచే మాయమైంది. 2008 ఆర్థిక సంక్షోభానికి ముందున్న జీడీపీ స్థాయిని అందుకున్నది 2014 మధ్యలో అని మొదట చెప్పి, తర్వాత సవరణల్లో 2013కి జరిపారు. ఎవరైనా గ్రాఫ్ చూపించి వాదిస్తే, ముందు అది ఏ ఏడు విడుదలైన లెక్కతో గీసిందో అడగండి.