పలుచన కాకముందే

అమలాపురం.

చిరంజీవి అన్నపూర్ణకు పెదతాత ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

పూతరేకుల వ్యాపారి ఒకాయన తరఫున నువ్వు మూడు దేశాల్లో దావాలు వేయబోతున్నావని మీ తాతయ్య నిన్న ఫోనులో చెప్పాడు. ఆయన పేరే పెట్టి అమెరికాలో ఎవరో కుక్క బిస్కట్లు, జర్మనీలో ఇంకెవరో సబ్బులు, ఇక్కడ మరొకరు దోమల కాయిల్స్ అమ్ముతున్నారట. మన ఇంటి పిల్ల అంత పని నెత్తిన వేసుకున్నందుకు నాకూ గర్వమే. అయితే రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది గర్వం వల్ల కాదు.

ట్రేడ్‌మార్కు, అంటే సరుకుకు పెట్టుకున్న పేరు, రిజిస్ట్రేషన్ ముఖ్యమని నీకు చెప్పనక్కరలేదు. ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో మార్కు నమోదుకు వీలిచ్చే మాడ్రిడ్ ఒప్పందంలో మన దేశం 2013లో చేరింది కనుక విదేశాలకు దరఖాస్తు ఇక్కడి నుంచే పెట్టవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఊరందరిదీ. నీ క్లయింటుకు సొంతమైనది ఆయన పెట్టుకున్న పేరు ఒక్కటే.

డైల్యూషన్ అని మీరు అనేదాన్ని మనవాళ్ళు ఎప్పుడో ‘పలుచనైపోవడం’ అన్నారు. కుక్క బిస్కట్టు కొన్నవాడు అది పూతరేకుల వాళ్ళే చేశారని పొరబడడు, అయినా ఆ పేరు వినగానే నోరూరడం మాత్రం తగ్గుతుంది. జర్మనీలో 1924లోనే, ఓడాల్ అనే నోరు పుక్కిలించే మందు పేరును ఉక్కు సామాన్లకు పెట్టుకోవడాన్ని కోర్టు ఒప్పుకోలేదు. ఆ ఆలోచనను 1927లో అమెరికాలో ఫ్రాంక్ షెక్టర్ అనే వకీలు సిద్ధాంతంగా రాశాడు. మన దేశంలో బెంజి కారు పేరుతో లోదుస్తులు అమ్మడాన్ని ఢిల్లీ హైకోర్టు 1993లో ఆపింది. ఆ వార్త చదివి నవ్వుకున్నానే గాని పాఠం పట్టుకోలేదు.

2004 వేసవిలో అంబాజీపేట నుంచి ఒక కొబ్బరినూనె వ్యాపారి వచ్చి, పాత పేపరులో చుట్టిన సీసా ఒకటి నా బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే ఫినైలు. మీద ఆయన పేరే, ఆయన కొబ్బరిచెట్టు బొమ్మే, ఆకులు మాత్రం రెండు తక్కువ. అవతలివాడు ఫినైలు వరకు ఆ పేరును రిజిస్టరు కూడా చేయించుకున్నాడు. నేను 1958 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం చదువుకున్నవాణ్ణి. ఏ సరుకుకు రిజిస్ట్రేషన్ ఉందో ఆ సరుకు వరకే ఉల్లంఘన అన్నది నా బుర్రలో పాతుకుపోయిన మాట. 1999 నాటి కొత్త చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిందనీ, దాని 29(4) సెక్షను వేరే రకం సరుకు మీద వాడినా పేరున్న మార్కును కాపాడుతుందనీ పుస్తకం తెరిచి చూడనే లేదు. “ఫినైలు కొనేవాడు నూనె అనుకుంటాడా? వదిలేయండి” అన్నాను. ఆయన మనసు ఊరుకోక అడిగితే, మర్యాదగా ఉంటుందని అవతలివాడికి ఒక మెత్తని ఉత్తరం నేనే రాసి పంపించాను. ఆ తరువాత ఇద్దరం ఊరుకున్నాం.

ఆయన మాత్రం ఏటా ఒకసారి వచ్చి కూర్చునేవాడు. పెళ్ళిళ్ళలో తన నూనెను ‘ఫినైలు నూనె’ అని వెక్కిరిస్తున్నారని ఒకసారి, కొట్లవాళ్ళు సరుకు తిప్పి పంపుతున్నారని మరోసారి చెప్పాడు. 2010లో నాకు కళ్ళు తెరుచుకుని దావా వేయించాను. అవతలి వకీలు 33వ సెక్షను తీశాడు. తరువాత రిజిస్టరైన మార్కును వాడుతున్నారని తెలిసీ అయిదేళ్ళు వరసగా ఊరుకున్నవాడు ఆ వాడకాన్ని ఆపమని అడగలేడు. మాకు తెలుసుననడానికి రుజువు ఏమిటో తెలుసునా? నా చేతిరాతతో ఉన్న ఆ మర్యాద ఉత్తరమే. ఆ వ్యాపారి నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన తెచ్చిన సీసా చాలాకాలం నా బల్ల మీదే ఉండిపోయింది.

అందుకే అడుగుతున్నాను, దోమల కాయిల్స్ సంగతి నీ క్లయింటుకు ఏ తేదీన తెలిసింది? ఏ వాట్సాప్ సందేశంలో ఎవరికి చెప్పాడు? ముందు అది తేల్చు. దావా ముందు ఇక్కడే వెయ్యి.

అమెరికా విషయంలో తొందరపడితే నీ మీద కోపం వస్తుంది. విక్టోరియాస్ సీక్రెట్ అనే లోదుస్తుల కంపెనీ వాళ్ళు కెంటకీలోని చిన్న కొట్టు మీద వేసిన దావాలో, నిజంగా నష్టం జరిగినట్టు చూపించాలని 2003లో అక్కడి సుప్రీంకోర్టు అన్నది. 2006 సవరణ, నష్టం జరిగే అవకాశం చూపిస్తే చాలన్నది. అదే సవరణ, ఆ దేశపు సామాన్య కొనుగోలుదారులందరిలో పేరు విస్తారంగా తెలిసి ఉండాలని కూడా అన్నది. మన తెలుగువాళ్ళు ప్రతి సంక్రాంతికీ పెట్టెలకు పెట్టెలు కొన్నా ఆ లెక్కకు చాలదు. అక్కడ డైల్యూషన్ దావా వద్దు.

యూరప్‌లో కొంత ఆశ ఉంది. సంబంధిత జనంలో చెప్పుకోదగ్గ భాగానికి తెలిస్తే చాలని 1999లో షెవీ కారు పేరు కేసులో యూరప్ కోర్టువాళ్ళు అన్నారు. ఆస్ట్రియా పండ్లరసం పాగో విషయంలో, ఒక్క దేశంలో పేరున్నా సరిపోవచ్చని 2009లో అన్నారు. కాని మిఠాయి కొనేవాళ్ళంటే అందరూ అని కోర్టు అనవచ్చు, అప్పుడు మన తెలుగువాళ్ళకు తెలియడం చాలదు. పైగా కంప్యూటర్ చిప్పుల ఇంటెల్ కంపెనీ కేసు తరువాత, కొనేవాళ్ళ తీరు మారిందనో, మారే ప్రమాదం గట్టిగా ఉందనో చూపించాలి. నీ దగ్గర అమ్మకాల లెక్కలున్నాయా, లేక అభిమానమే ఉందా?

ఒకచోటి కీర్తి సముద్రం దాటి రాదు. టయోటా అంతటివాళ్ళు తమ ప్రియస్ కారు పేరుకు మన దేశంలో అప్పటికే పేరుందని చూపించలేక 2017లో మన సుప్రీంకోర్టులో ఓడిపోయారు. ఇక్కడ ప్రసిద్ధ మార్కుల జాబితాలో చేర్చమని లక్ష రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు గాని, పాత బిల్లులూ ప్రకటనలూ పోగు చేయకముందు ఆ డబ్బు కట్టించకు. రేకులు తీసే ఆడవాళ్ళ కూలి అందులోంచే రావాలి.

గట్టిగా రాశానేమో, మనసులో పెట్టుకోకు. నీకు అక్షరాభ్యాసం రోజున పలక పట్టుకున్నది నేనే, అది నా ధైర్యం. పండక్కి వచ్చేటప్పుడు ఆ వ్యాపారి బిల్లు పుస్తకాలు వెంట తీసుకురా. అటక మీద ఉన్న ఫినైలు కేసు కట్ట దింపించి ఉంచుతాను. దాని తాడు ముడి విప్పడానికి నా వేళ్ళు సహకరించడం లేదు, నువ్వే విప్పాలి.

ఆశీస్సులతో,
పెదతాత