బతిమాలిందని ఎవరు చెప్పారు?

చిరంజీవికి,

నీ డాక్యుమెంటరీ స్క్రిప్టు నిన్న రాత్రి చదివాను. మూడో పేజీ దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు అటూ ఇటూ తిరిగాను. తర్వాత కూర్చుని చివరిదాకా చదివాను కానీ కోపం పూర్తిగా తగ్గలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ పేజీలో, నువ్వు హంతకుడని పిలిచే మనిషి మెట్లెక్కుతుంటాడు. బూట్ల చప్పుడు, చేతి గడియారం, తలుపు ముందు ఆగి పీల్చిన ఊపిరి, అన్నీ రాశావు. లోపల ఆ అమ్మాయి 'కన్నీళ్లతో ప్రాణభిక్ష వేడుకుంది' అన్నావు. నీ స్క్రిప్టు ప్రకారం ఆ గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు చనిపోయారు. రెండోవాడు నేరం ఒప్పుకోలేదని, విచారణ ఇంకా నడుస్తోందని పదో పేజీలో నువ్వే రాశావు. మరి ఆమె వేడుకోవడం ఎవరు చూశారు?

ముప్పై ఏళ్ల క్రితం నేనూ ఈ పనే చేశాను. నేర వార్తలు రాస్తున్న రోజులవి. ఒక హత్య వార్త రాసిస్తే మా సంపాదకుడు 'చప్పగా ఉంది, కాస్త రంగు పులుము' అన్నాడు. పులిమాను. 'ఎంత బతిమాలినా వినలేదు' అని ఒక్క వాక్యం చేర్చాను. మూడో రోజు ఆ అమ్మాయి తండ్రి పేపరు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వచ్చాడు. గొడవ పెట్టుకోలేదు. ఆ వాక్యం మీద వేలు పెట్టి, 'బతిమాలిందని మీకెవరు చెప్పారు బాబూ? ఎంతసేపు బతిమాలింది?' అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. సంపాదకుడు తన గదిలోంచి బయటికే రాలేదు. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. నన్నూ క్షమించుకోలేదు.

అప్పటినుంచి నాది ఒకటే పట్టు. ఎవరూ చూడనిదాన్ని చూసినట్టు రాయకూడదు. తెర మూలన 'కల్పిత సన్నివేశం' అని చిన్న అక్షరాలు వేస్తే చాలని నిర్మాతలు నీకు చెబుతారు. చాలదు. అక్షరాలు చెరిగిపోతాయి, బొమ్మ మనసులో ఉండిపోతుంది.

ఎరల్ మోరిస్ 1988లో తీసిన డాక్యుమెంటరీ 'ద థిన్ బ్లూ లైన్' చూడు. 1976లో డాలస్‌లో ఒక పోలీసు అధికారి హత్య జరిగిన రాత్రిని అందులో మళ్లీ మళ్లీ చూపిస్తారు. సాక్షి మారితే రాత్రీ మారుతుంది. కారులోంచి విసిరిన పానీయం కప్పు గాలిలో నెమ్మదిగా తిరుగుతూ రోడ్డు మీద పడుతుంది. అక్కడ కల్పన పని మనల్ని నమ్మించడం కాదు, సాక్ష్యాన్ని అనుమానించేలా చేయడం. తాను చేయని ఆ హత్యకు మరణశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, 12 ఏళ్లు జైల్లో మగ్గిన రాండల్ డేల్ ఆడమ్స్ 1989లో బయటికొచ్చాడు. అంత గొప్ప చిత్రంలోనూ చనిపోయిన అధికారి ఎలాంటి మనిషో మనకు పెద్దగా తెలియదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2015లో వచ్చిన డాక్యుమెంటరీ సిరీస్ 'ద జింక్స్' సంగతి వేరు. హత్యానుమానాలు ఎదుర్కొంటున్న రాబర్ట్ డర్స్ట్, మైకు ఇంకా ఒంటిమీదే ఉందన్న ధ్యాస లేక, స్నానాల గదిలో నేరం ఒప్పుకున్నట్టు గొణిగిన మాటలతో అది ముగుస్తుంది. ఆ చివరి వాక్యాలు అతను ఆ వరుసలో అనలేదని, విడివిడిగా అన్నవాటిని పక్కపక్కన చేర్చారని 2019లో బయటపడింది. 2021లో అతను హత్య కేసులో దోషిగా తేలాడు. అయినా ఆ కత్తిరింపు తప్పే.

నీ దర్యాప్తు అధికారి 'మొదటి రోజే అనుమానించాను' అంటాడు. ఒకరు పట్టుబడ్డాక అందరూ మొదటి రోజే అనుమానించినవాళ్లవుతారు. కెమెరా ముందు కూర్చున్నది ఆయనే కనుక కథ ఆయనదైపోయింది. ముందు వేరొకరిని తీసుకెళ్లి తొమ్మిది రోజుల తర్వాత వదిలేశారని ఒక్క ముక్కలో దాటేశావు. ఆ మనిషి ఇంటికి వెళ్లావా? 'హంతకుడు' అన్న చోటల్లా కొట్టేసి 'నిందితుడు' అని రాయి.

ఎన్ని భాగాలు చేయాలి, ఏ ఓటీటీ వాళ్లను కలవాలి అని అడిగావు. అవి తర్వాత.

పద్దెనిమిదో పేజీలో, ఆ అమ్మాయి చనిపోయిన వారానికి, పుస్తకం గడువు దాటిందని గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చిందని వాళ్ల అక్క చెప్పింది. అది చదివి చాలాసేపు ఆగిపోయాను. నువ్వు మాత్రం ఆగకుండా పోస్టుమార్టానికి వెళ్లిపోయావు. మళ్లీ వెళ్లి ఆ అక్కతో కూర్చో. అది ఏ పుస్తకమో, ఎంతవరకు చదివిందో అడిగి నాకు రాయి.