టెక్ సందేహాలు: జర్మన్ పదాలు గుర్తుండాలంటే కార్డు వెనక తెలుగే రాయండి

హన్మకొండ నుంచి ఒక నర్సింగ్ విద్యార్థిని: జర్మనీ వెళ్దామని బీ1 (జర్మన్ భాషలో మధ్య స్థాయి) కోచింగ్‌లో చేరాను. రోజుకు 40 పదాలు ఇస్తున్నారు. రాత్రి బట్టీ పట్టినవి పొద్దున లేచేసరికి ఉండట్లేదు. నెట్‌లో దొరికిన 4000 పదాల డెక్‌ను (కార్డుల కట్టను) యాంకీ అనే ఫ్లాష్‌కార్డ్ యాప్‌లో వేసుకున్నాను, ఇప్పుడు 900 కార్డులు పెండింగ్ అని చూపిస్తోంది. తెరవాలంటేనే టెన్షన్. వేరే యాప్ ఏదైనా చెప్తారా?

యాప్ మార్చొద్దమ్మా, ఆ డెక్‌ను తీసెయ్యండి. 900 పెండింగ్ ఎలా పూర్తి చేయాలా అని కూడా ఆలోచించొద్దు, ఈ రోజే డిలీట్ కొట్టండి.

మీరు చెప్పలేదు గానీ ఆ డెక్‌లో ముందు జర్మన్, వెనక ఇంగ్లిష్ ఉండి ఉంటాయి. అంటే జర్మన్ మాట ఇంగ్లిష్‌లోకి, అక్కడి నుంచి తెలుగులోకి రావాలి, రెండుసార్లు బస్సు మారినట్టు. పైగా ఆ కార్డులు ఎవరో చేసినవి, వాటిలో మీ బుర్ర పట్టుకోవడానికి ఏమీ లేదు. యాంకీకి తెలిసిందల్లా ఏ పదాన్ని ఎప్పుడు మళ్లీ అడగాలో, అంతే. 1885లో తన ఫలితాలు ప్రచురించిన ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థం లేని అక్షరాల ముక్కలను తానే కంఠస్థం చేసి, ఎంత త్వరగా మర్చిపోతున్నాడో తన మీదే లెక్క వేసుకున్నాడు. మొదటి కొన్ని గంటల్లోనే చాలావరకు పోతుంది, ఎడం ఇచ్చి మళ్లీ చదివితే ఎక్కువ కాలం నిలుస్తుంది అని తేల్చాడు. డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేసిన యాంకీ ఆ ఎడాన్ని మన కోసం లెక్కగడుతుంది. కానీ పదం మొదటిసారి తలలో ఎలా కూర్చోవాలన్నది మాత్రం మీరే చూసుకోవాలి.

దానికి కీవర్డ్ పద్ధతి ఉంది. కొత్త పదం వినగానే మనకు తెలిసిన ఏ మాటలా వినిపిస్తోందో చూసి, ఆ మాటనూ అర్థాన్నీ కలిపి ఒక బొమ్మ ఊహించుకోవడం. మీ నర్సింగ్ పదాలే తీసుకుందాం. కిడ్నీని జర్మన్‌లో నీరె అంటారు. మన నీరే! కిడ్నీ చేసే పని కూడా నీటితోనే కాబట్టి ఇది ఇక జన్మలో మర్చిపోరు. ఊపిరితిత్తి లుంగె. లుంగీ గాలికి ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతోందని ఊహించుకోండి. కడుపు మాగెన్, బాగా మాగిన మామిడిపండ్లతో నిండిన కడుపు. కాలేయం లేబర్, ఇక్కడ అడ్డా మీద నిలబడే లేబర్ మనిషే కాలేయాన్ని భుజాన మోసుకెళ్తున్నాడు. ఇంజెక్షన్ స్ప్రిట్సె, సూది నిండా స్ప్రైట్. బొమ్మ ఎంత వింతగా ఉంటే అంత మంచిది, ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇది నిజంగా పనిచేస్తుందా అంటే, అమెరికాలో అట్కిన్సన్, రాఫ్ అనే ఇద్దరు 1975లో ప్రచురించిన ప్రయోగం చూడండి. విద్యార్థులకు 120 రష్యన్ పదాలు ఇచ్చారు. ఈ పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు 72 శాతం చెప్పగలిగారు, మామూలుగా చదివినవాళ్లు 46 శాతం. ఆరు వారాల తర్వాత చెప్పకుండా మళ్లీ పరీక్ష పెడితే 43 శాతం, 28 శాతం. తేడా అప్పటికీ ఉంది, కానీ 72 కాస్తా 43కి పడింది. అందుకే బొమ్మ ఒక్కటే చాలదు, యాంకీ ఒక్కటే చాలదు, రెండూ కావాలి. మన అష్టావధానాల్లో ధారణ చూసినవాళ్లకు బుర్ర ఎంత పట్టగలదో నేను చెప్పక్కర్లేదు. ఆ స్థాయి సాధన మనకు అక్కర్లేదు గానీ బుర్రకు పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం అందించాలి.

ఒక జాగ్రత్త. లుంగె అనేటప్పుడు గ ని మనలా గట్టిగా పలకరు, ముక్కులోనే ఆగిపోతుంది. కీవర్డ్ పదాన్ని గుర్తు చేస్తుంది గానీ ఉచ్చారణ నేర్పదు. కాబట్టి ప్రతి కార్డులో ఆడియో పెట్టండి, వీలైతే మీ టీచర్ గొంతే రికార్డ్ చేసుకోండి.

ఇక పదం ముందు లింగాన్ని బట్టి వచ్చే డెర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకలింగం) గొడవ. ఏ పదం పుంలింగమో ఏది స్త్రీలింగమో అర్థాన్ని బట్టి ఊహించలేం. చెంచా డెర్, ఫోర్క్ డీ, కత్తి డాస్! మనది వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన ట్రైసిటీ కదా, దాన్నే వాడుకోండి. డెర్ పదాలన్నీ కాజీపేట జంక్షన్‌లో, డీ పదాలన్నీ భద్రకాళి బండ్ మీద, డాస్ పదాలన్నీ ఖిలా వరంగల్ కీర్తి తోరణాల దగ్గర జరిగేలా ఊహించుకోండి. మాగెన్ డెర్ కాబట్టి మాగిన పండ్ల గంప కాజీపేట ప్లాట్‌ఫాం మీద ఉంటుంది. లుంగె, నీరె, లేబర్, స్ప్రిట్సె నాలుగూ డీ, అన్నీ బండ్ మీదే. జ్వరం ఫీబర్ డాస్, ఒళ్లు కాలిపోతున్న మనిషి చల్లటి రాతి తోరణానికి చెంప ఆనించి కూర్చున్నాడు. పరీక్షలో పదంతో పాటు చోటు గుర్తొస్తుంది, చోటుతో పాటు లింగం వచ్చేస్తుంది. స్థలాన్ని ఆసరాగా పెట్టుకునే ఈ పద్ధతి గ్రీకుల కాలం నాటిదే, మీరు రోజూ తిరిగే ఊళ్లో చేస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

యాంకీలో కొత్త కార్డు చేర్చే చోట నోట్ టైప్ దగ్గర బేసిక్ అండ్ రివర్స్‌డ్ కార్డ్ ఎంచుకుంటే ఒకే నోట్ నుంచి రెండు వైపులా ప్రశ్నలు వస్తాయి. ముందు జర్మన్ పదం ఆర్టికల్‌తో సహా రాసి ఆడియో పెట్టండి, వెనక తెలుగు అర్థం, కింద మీ బొమ్మ ఒక్క ముక్కలో. రోజుకు 15 పదాలు చాలు. రెండు వైపులా అడుగుతుంది కాబట్టి డెక్ ఆప్షన్స్‌లో కొత్త కార్డుల పరిమితి 30 పెట్టండి. గోథే సంస్థ బీ1 పదాల జాబితాలో దాదాపు 2400 పదాలు ఉంటాయి, 15 చొప్పున 160 రోజులు. కోచింగ్ వాళ్లు 40 ఇస్తే ఇవ్వనివ్వండి, మీకు రానివే కార్డులు చేయండి. డెక్ ఆప్షన్స్‌లోనే ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే స్విచ్ ఉంటుంది, ఆన్ చేయండి, పాత లెక్క కంటే మెరుగ్గా ఎడం చూస్తుంది. గుర్తు రాకపోతే అగైన్ మాత్రమే నొక్కాలి. చాలామంది మొహమాటపడి హార్డ్ నొక్కుతారు, హార్డ్ అంటే కష్టంగానైనా గుర్తొచ్చిందని యాప్ అర్థం చేసుకుని దాన్ని ఇంకా దూరం పంపేస్తుంది.

జగిత్యాల జిల్లా నుంచి ఒక డ్రైవర్: వచ్చే నెల దుబాయ్ పోతున్నా. అరబీ అక్షరాలు రావు. మాట్లాడటం వరకు నేర్చుకోవాలి, ఫోన్‌లో ఏం వాడాలి?

అక్షరాలతో మొదలుపెట్టకండి అన్నా, చెవితో మొదలుపెట్టండి. మనకు ఉర్దూ ద్వారా వచ్చిన మాటల్లో సగం దారి అయిపోయింది. దుకాణం అక్కడ దుక్కాన్, లెక్క హిసాబ్, కుర్చీ కుర్సీ, సబ్బు సాబూన్, కబురు ఖబర్, టీ షాయ్. ముందు ఇలాంటివన్నీ యాంకీలో ఒక డెక్ చేయండి, వీటికి బొమ్మలు అక్కర్లేదు, కొద్దిగా పలుకుబడి తేడా పట్టుకుంటే చాలు. రాని మాటలకే పైన చెప్పిన కీవర్డ్ కట్టండి. కార్డు ముందు వైపు ఏమీ రాయకుండా మైక్ గుర్తు నొక్కి, గల్ఫ్‌లో ఉండి వచ్చిన మీ ఊరివాళ్లతో ఒక్కో మాట చెప్పించి రికార్డ్ చేయండి, వెనక తెలుగులో రాసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాంకీ పేరు యాంకీడ్రాయిడ్, అది ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది, కాబట్టి విమానంలోనూ చూసుకోవచ్చు.

కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: ఫోన్ మారుస్తున్నాను, యాంకీ కార్డులు పోతాయా? కొత్తది ఐఫోన్.

పాత ఫోన్‌లో యాంకీవెబ్ (కార్డులను నెట్‌లో దాచే యాంకీ సైట్) అకౌంట్ తెరిచి సింక్ నొక్కండి. బొమ్మలు, ఆడియో కూడా సింక్ అయ్యేలా సెట్టింగ్స్‌లో టిక్ ఉందో లేదో చూడండి, చాలామందికి ఇక్కడే గొంతులు మాయమవుతాయి. కంప్యూటర్‌లో యాంకీవెబ్ తెరిచి కార్డులు కనిపిస్తున్నాయని చూశాకే పాతది రీసెట్ చేయండి. కొత్త ఫోన్‌లో అప్‌లోడా, డౌన్‌లోడా అని అడిగితే డౌన్‌లోడ్. అప్‌లోడ్ నొక్కితే కొత్త ఫోన్‌లోని ఖాళీయే వెళ్లి మీ కష్టమంతటి మీదా కూర్చుంటుంది. ఐఫోన్‌లో అసలు యాంకీ పేరు యాంకీమొబైల్, అది డబ్బులు పెట్టి కొనాలి. పేరు పోలిన యాప్‌లు చాలా ఉన్నాయి, వాటిలోకి మీ యాంకీవెబ్ కార్డులు రావు. కొనలేకపోతే సఫారీలో యాంకీవెబ్ సైట్ తెరిచి రివ్యూ చేసుకోండి, అది ఉచితమే.